పోరంబోకు కాదు... పురాతన గ్రంథం!

గ్రామ లెక్కల్లో దాని పేరు పోరంబోకు. కాస్త మర్యాదగా రాస్తే బంజరు. పంట పండదు, శిస్తు రాదు, రాళ్లూ ముళ్లపొదలూ తప్ప కంటికి మరేమీ ఆనవు. కర్నూలు, కడప సీమల్లో బస్సెక్కి కూర్చుంటే కిటికీలోంచి గంటల తరబడి కనిపించేది ఆ నేలే. కానీ ఆ రాళ్లలో కొన్నింటి వయసు దాదాపు 190 కోట్ల ఏళ్లనీ, వాటి నడుమ 74 వేల ఏళ్లనాటి బూడిదా, అశోకుడి మాటలూ, సుల్తానులు మనసుపడ్డ వజ్రాలూ, ప్రపంచమంతా వెతుకుతున్న ఓ పిట్టా దాగున్నాయనీ తెలిస్తే... ‘పనికిరాని నేల’ అనడానికి నోరు రాదు!

రాయలసీమ అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కరవు. ఆ తర్వాత కోటలు, కథలు. వీటన్నిటికీ అడుగున ఉన్న రాయి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నిజానికి ఏ ఊళ్లో బావి తవ్వితే నీళ్లు పడతాయి, ఏ పొలంలో శనగ పండుతుంది, ఇంటికి ఏ కప్పు వేస్తారు, కోట ఎక్కడ కట్టాలి, దేవుడు ఏ గుహలో వెలిశాడు... ఇవన్నీ ఇక్కడ నిర్ణయించింది ఆ రాయే. ఇప్పుడు ఆ రాయికే కష్టకాలం వచ్చింది. చదవకముందే పేజీలు చిరిగిపోతున్న పుస్తకంలా ఉంది దాని పరిస్థితి.

ఇక్కడ సముద్రం ఉండేది!

కడప గడప దాటితే కనుచూపు మేరలో సముద్రం లేదు. కానీ ఒకప్పుడు ఈ ప్రాంతమంతా సముద్రమే. 250 కోట్ల ఏళ్లకు పైబడిన పాత శిలల మీద నేల నెమ్మదిగా కుంగి, పెద్ద పళ్లెంలా తయారైంది. అందులోకి సముద్రపు నీరు చేరింది. ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని కోట్ల ఏళ్ల ఒత్తిడికి రాళ్లయ్యాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్నే ‘కడప బేసిన్’ అంటారు. మ్యాపు మీద నెలవంక ఆకారంలో కనిపించే ఈ పళ్లెం విస్తీర్ణం దాదాపు 44,500 చదరపు కిలోమీటర్లు. తూర్పు అంచు పొడవు సుమారు 440 కిలోమీటర్లు. పొరలన్నీ కలిపితే కొన్నిచోట్ల మందం 12 కిలోమీటర్ల దాకా ఉంటుందని అంచనా. పులివెందుల దగ్గర ఈ పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన లావా రాయికి వయసు కడితే 188 కోట్ల ఏళ్లకు పైనే తేలింది.

ఈ రాళ్లను మొదటిసారి పద్ధతిగా వర్గీకరించి రాసినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. ఆయన నివేదిక 1872లో అచ్చయింది. రాతి పొరలకు అవి బాగా కనిపించే ఊళ్ల పేర్లే పెట్టడం ఆ శాస్త్రంలో రివాజు. అందుకే మన ఊళ్లు ప్రపంచ భూగర్భ శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కాయి. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల... ఇవన్నీ రాళ్ల పేర్లే! పుస్తకాల్లో ‘గుల్చేరు క్వార్ట్‌జైట్’ అని కనిపించేది మరేదో కాదు... పాలకోవాకు పేరుమోసిన మన గువ్వలచెరువే. కోవా పొట్లం కోసం ఘాట్ రోడ్డులో బస్సు ఆపినవాళ్లు ఆ పక్కనున్న ఎర్రటి కొండ అంచును ఓసారి చూడాలి. ఆ పళ్లెం అడుగున పడిన మొట్టమొదటి ఇసుక పొర అదే.

అప్పటికి చేపలు లేవు, చెట్లు లేవు. భూమ్మీద ఉన్నదల్లా కంటికి ఆనని సూక్ష్మజీవులే. లోతులేని సముద్రంలో జిగురు చాపల్లా పెరిగి, సున్నాన్ని పొరలు పొరలుగా పట్టి ఉంచినవి అవే. వేంపల్లె పరిసరాల్లోని డోలమైటు రాళ్ల మీద ఉల్లిపాయను అడ్డంగా కోసినట్టు వలయాలు వలయాలుగా ఆ గుర్తులు కనిపిస్తాయి. వాటిని స్ట్రొమటోలైట్లు అంటారు. రాయలసీమలో దొరికే అతి పాత జీవం ఆనవాళ్లివి. మనం పీల్చే గాల్లోకి ప్రాణవాయువును నింపడం మొదలుపెట్టింది ఆ జాతి జీవులే!

రాయిని బట్టే ఊరు

పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, మధ్యలో కుందూనది లోయ... నంద్యాల సీమ నైసర్గిక స్వరూపం ఇంతే. ఎర్రమలలో రాతి పొరలు పేర్చిన పలకల్లా పడుకుని ఉంటాయి. నల్లమలలోనేమో భూమి ఒత్తిడికి ముడతలు పడి, నిట్టనిలువుగా లేచి ఉంటాయి. కుందూ లోయలో మెత్తని నంద్యాల షేలు, సున్నపురాయి చివికి నల్లరేగడి అయింది. శనగ, జొన్న, పత్తి పండేది అక్కడే. గట్టి క్వార్ట్‌జైటు ఉన్నచోట మట్టి నిలవదు. అక్కడ గడ్డీ, ముళ్లచెట్లే గతి. సేద్యానికి పనికొచ్చిన నేల పట్టా అయింది, మిగిలింది పోరంబోకయింది. గీత గీసింది మాత్రం రెవెన్యూ అధికారి కంటే ముందు రాయే!

ఇళ్లూ అంతే. కొలిమిగుండ్ల, అవుకు, బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి బండలు గడ్డపార పోటుకి పలకల్లా లేచి వస్తాయి. సముద్రపు అడుగున సున్నం పల్చటి పొరలుగా పేరుకోవడమే దానికి కారణం. గోడకీ అదే, గచ్చుకీ అదే, మిద్దె పైకప్పుకీ అదే. పశువుల కొట్టం మొదలు బడి దాకా అన్నీ ఆ బండలతోనే లేచాయి. ముంబయి, పుణె వంటిళ్లలో పొయ్యి పెట్టుకునే గట్టును నేటికీ ‘కడప్పా’ అనే పిలుస్తారు. కడప ఎక్కడుందో తెలియని ఇల్లాలు కూడా రోజూ ఆ పేరు తలుస్తుందన్నమాట!

ఊళ్ల పేర్లలో కూడా ఈ భూగోళం దాగుంది. నేలలోంచి నీరు ఉబికితే బుగ్గ. కొండల నడుమ లోయ అయితే కోన. బండ మీద వాననీరు నిలిస్తే దొన. కొండను నది కోసుకుంటూ పోతే గండి. పాఠాలు చదవని పెద్దలు ప్రతి రాతి రూపానికీ ఓ పేరు పెట్టి మరీ దాచిపెట్టారు.

సున్నపురాయికో గుణముంది. వాననీరు గాల్లోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు రాతి పగుళ్లలోకి దిగి, లక్షల ఏళ్లపాటు రాయిని కరిగిస్తూ దారి చేసుకుంటుంది. బెలుం గుహలు అలా పుట్టినవే. ‘బిలం’ నుంచే ఆ పేరొచ్చిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు. తర్వాత వందేళ్లపాటు పట్టించుకున్నవారే లేరు. 1982-83లో జర్మన్ పరిశోధకుడు డేనియల్ గెబావర్ బృందం లోపలికి దిగి కొలిచాకే వాటి సంగతి లోకానికి తెలిసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు! మన దేశపు మైదాన ప్రాంతాల్లో పర్యాటకులు చూడగలిగే గుహల్లో అతి పొడవైనవివే. రాష్ట్ర పర్యాటక శాఖ మెట్లు, దీపాలు అమర్చి 2002లో సందర్శకులకు తెరిచింది. పైన చూస్తే ఏముంది... ఉత్త బండనేల. అడుగున పాతాళగంగ!

ఇక నల్లమల పాదాల దగ్గర మహానంది. ఏడాదికి సగటున 600-700 మిల్లీమీటర్ల వాన పడే సీమలో, ఎండాకాలంలోనూ కోనేరు తొణకకుండా ఉండటం వింతే మరి. కారణం పైనున్న కొండ, ఆ కొండ మీదున్న అడవి. వానను పట్టుకుని, పగుళ్లలోంచి నెమ్మదిగా వదిలే సహజమైన ట్యాంకది. ఆ నీళ్లతోనే చుట్టుపక్కల అరటితోటలు పచ్చగా ఉంటాయి. అడవి ప్రభుత్వానిది, నీళ్లు ఊరివి. ఒకటి పోతే రెండోది ఉండదు.

ఎముకల గుహ... బూడిద లోయ

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల గురించి 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1884-85లో, బ్రూస్ ఫూట్ సైన్యంలో పనిచేసే తన కొడుకు హెన్రీతో కలిసి అక్కడ తవ్వించాడు. కుప్పలు తెప్పలుగా ఎముకలు బయటపడ్డాయి. వాటిలో ఖడ్గమృగం ఎముకలూ ఉన్నాయి! వాటిని పరిశీలించిన లిడెకర్ ఆ జంతువుకు ‘రైనోసెరస్ కర్నూలియెన్సిస్’ అని పేరు పెట్టాడు. ఖడ్గమృగానికి కర్నూలు పేరు పెట్టారంటే ఇప్పటి కర్నూలువాసులే నమ్మరేమో. ఈ గుహల్లో మళ్లీ తవ్వి 2014లో వెలువరించిన పరిశోధన మరో సంగతి చెప్పింది. రెండు లక్షల ఏళ్లుగా వానలు మారినా, కరవులొచ్చినా ఇక్కడి పెద్ద జంతు జాతులు దాదాపు అన్నీ తట్టుకుని నిలిచాయట. అన్ని కరవులను తట్టుకున్న జంతువులు గత కొన్ని వందల ఏళ్లలో మనిషి ఒత్తిడికే ఎక్కువగా తగ్గిపోయాయన్నది గుర్తుంచుకోవాల్సిన పాఠం.

అక్కడికి దగ్గర్లోనే, యాగంటి, బనగానపల్లె ప్రాంతంలో జుర్రేరు అనే చిన్న ఏరుంది. ఆ ఒడ్డునే జ్వాలాపురం. పేరుకు తగ్గట్టే దాని కథలో నిప్పుంది... కాకపోతే ఆ నిప్పు రగిలింది ఇక్కడ కాదు, సముద్రానికి ఆవల ఇండొనేసియాలోని సుమత్రా దీవిలో. 74 వేల ఏళ్ల కిందట అక్కడి తోబా అగ్నిపర్వతం బద్దలైంది. గత ఇరవై లక్షల ఏళ్లలో అంత పెద్ద పేలుడు మరోటి లేదంటారు. ఆ బూడిద బంగాళాఖాతం దాటొచ్చి మన దేశం మీద పడింది. వానకు కొట్టుకొచ్చి జుర్రేరు లోయలో మేటవేసింది. కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందాన తెల్లటి పొరగా కనిపిస్తుంది.

కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిసెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో ఉన్న మైకేల్ పెట్రాగ్లియా బృందం ఇక్కడ తవ్వి, 2007లో ‘సైన్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించింది. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. దాని పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. అంటే? ఆకాశమంతా బూడిద కమ్మి, వాతావరణం చల్లబడ్డ ఆ గడ్డుకాలాన్ని కూడా ఇక్కడి మనుషులు తట్టుకుని బతికారన్నమాట. తోబా దెబ్బకు మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందన్న వాదనకు జవాబు వెతికే ప్రతి శాస్త్రవేత్తా ఇప్పుడు జ్వాలాపురం పేరు తలవాల్సిందే. ఆ పనిముట్లు చేసింది మన జాతి మనుషులేనా అన్న చర్చ మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. విషాదమేమిటంటే, తెల్లగా, మెత్తగా ఉండే ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నారు కూడా. ఎవరికి తెలుసు అది 74 వేల ఏళ్లనాటి సాక్ష్యమని!

తొలకరి చినుకు... వజ్రాల కల

జూన్‌లో తొలి వాన పడగానే కర్నూలు జిల్లా పడమటి పల్లెలు తుగ్గలి, జొన్నగిరి, మద్దికెరల్లో జనసందోహం. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఎర్రనేలల్లో తల వంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంటారు. వానకు మట్టి కొట్టుకుపోయి రాయి మెరిస్తే చాలు... అదృష్టం తలుపు తట్టినట్టే! ఏటా ఒకరిద్దరికి వజ్రం దొరికిందన్న వార్త వస్తుంది. మిగతా వందలమందికి దొరికేది నడుంనొప్పే. అయినా మరుసటేడు మళ్లీ వస్తారు.

దీనికీ కారణం భూగర్భంలోనే ఉంది. వజ్రాలను లోతుల్లోంచి పైకి తెచ్చే కింబర్లైటు గొట్టాలు పక్కనే అనంతపురం జిల్లా వజ్రకరూరులో ఉన్నాయి. కోట్ల ఏళ్లుగా వానలు ఆ రాళ్లను అరగదీసి, వజ్రాలను చుట్టుపక్కలకు చేరవేశాయి. పాతకాలంలో అలా కొట్టుకొచ్చినవి బనగానపల్లె గులకరాతి పొరలో ఇరుక్కుపోయాయి. మునిమడుగు, రామళ్లకోటల దగ్గర మన పూర్వికులు తవ్వింది ఆ వజ్రాల కోసమే.

ఆ వజ్రాల వ్యాపారమే ఫ్రెంచి వర్తకుడు తావెర్నియేను 1652లో గండికోటకు రప్పించింది. అంతకు కొద్దికాలం ముందే పెమ్మసాని నాయకుల నుంచి కోటను గెలుచుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను ఆయన కలిశాడు. వచ్చిన ఉత్తరాలను కాలివేళ్ల మధ్యా చేతివేళ్ల మధ్యా ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పిస్తున్న మీర్ జుమ్లాను చూసి విస్తుపోయానని రాసుకున్నాడు. ఆ కోటకు ఒకవైపు రక్షణ గోడ కట్టింది మనిషి కాదు, పెన్నానది. ఎర్రటి గట్టి రాతిని నది వందల అడుగుల లోతుకు కోసిన చోటే గండి, దాని పైన కోట. ఈమధ్య అందరూ ‘మన గ్రాండ్ కాన్యన్’ అంటూ ఫొటోలు దిగుతున్నది అక్కడే.

వజ్రాల సీమకే మరో వింత తోడుంది. పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ రెండూ ఒకేచోట ఉండటం అరుదు. రెండువేల రెండు వందల ఏళ్లపాటు పశువులు మేపుకొనేవాళ్లు ఆ గీతలను చూస్తూనే ఉన్నారు. వాటి విలువ లోకానికి తెలిసింది మాత్రం 1928-29 ప్రాంతంలో... అదీ ఖనిజాల కోసం వచ్చిన ఓ భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాకే!

మన్రో కొలిచిన నేల

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అప్పటినుంచీ వీటికి దత్తమండలాలన్న పేరు స్థిరపడింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్న పేరు సూచించేదాకా అదే వాడుక. దత్తమండలాలకు తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లపాటు ఉన్నాడు. పొలం పొలం కొలిపించి, మట్టిని బట్టి శిస్తు కట్టించాడు. పైమాయిషీ అంటే అదే. రైతుకు నేరుగా పట్టా ఇచ్చే రైత్వారీ పద్ధతి ఇక్కడ వేళ్లూనుకున్నది అప్పుడే. నవాబు ఏలుబడిలోని కర్నూలు 1839లో, బనగానపల్లె సంస్థానం 1948లో వచ్చి కలిశాయి.

పాపఘ్ని నది కొండను చీల్చుకొచ్చే గండి క్షేత్రం దగ్గర మన్రోకు ఆకాశంలో బంగారు తోరణం కనిపించిందనీ, అది కనిపించినవారు ఎక్కువకాలం బతకరనీ జనం చెప్పుకుంటారు. గవర్నరు హోదాలో ఈ సీమకు వచ్చిన మన్రో 1827 జులైలో పత్తికొండలో కలరాతో కన్నుమూయడంతో ఆ కథ ఇంకా బలపడింది.

కథ ఎలా ఉన్నా, లెక్క మాత్రం మిగిలింది. శిస్తు కట్టే నేల ఒకవైపు, కట్టని నేల ఒకవైపు. పోరంబోకు అన్నది తమిళం నుంచి వచ్చిన మాట. శిస్తు లెక్కకు బయట ఉన్నదని దాని అర్థం. వంకలు, బాటలు, శ్మశానాలు, మేత బీళ్లు, కొండలు అన్నీ ఆ ఖాతాలోకే వెళ్లాయి. ఎవరికీ పట్టా లేదంటే ఎవరికీ అక్కర్లేదని కాదు. ఊరందరిదీ అని! రవ్వలకొండ మీద పశువులు కాస్తూ కాలజ్ఞానం చెప్పిన వీరబ్రహ్మంగారి కథ ఇక్కడ ఇంటింటా తెలిసిందే. ఆయన పశువులు మేసింది ఎవరి పట్టా భూమిలోనూ కాదు మరి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండలు రిజర్వు ఫారెస్టులయ్యాయి. మేతకు పుల్లరి, కట్టెకు రుసుము. అంతకు ముందే 1876-78 నాటి ధాత కరవు ఈ సీమను ఊడ్చేసింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. అంతటి కరవు చూసినవారికి అడవి అంటే ఆఖరి ఆసరా. దానికీ కంచె పడేసరికి కడుపు మండింది. సహాయ నిరాకరణ రోజుల్లో పల్నాడుతోపాటు కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ రైతులు పుల్లరి కట్టకుండా పశువులను అడవిలోకి తోలారు. రాయలసీమలో స్వాతంత్య్ర పోరాటానికి మేత బీడు కూడా ఓ వేదికే!

బట్టమేక పోయింది... కలివికోడి పిలిచింది

చెట్లుంటేనే అడవి అనుకుంటాం. గడ్డి నేలకూ ప్రాణముందని చెప్పిన ఊరు రోళ్లపాడు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఈ ఊరి బీళ్లలో బట్టమేక పక్షి తిరిగేది. పదిహేను కిలోల దాకా తూగే ఈ పక్షి ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు... అదీ నేల మీదే. 1988లో 614 హెక్టార్లను దానికి అభయారణ్యంగా ప్రకటించారు. కానీ చుట్టూ ఉన్న బీళ్లు ఎవరి లెక్కలోనూ లేవు. కాలువ నీళ్లొచ్చాయి, మెట్ట పైర్ల స్థానంలో కొత్త పంటలొచ్చాయి. రైతుకు నీళ్లు రావడం మంచిదే. ఆ మార్పులో ఈ పక్షి కోసం కాస్త బీడు వదలాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి పక్క పొలాల మీద పడ్డాయి. రైతుకు కోపమొచ్చింది. బట్టమేక మాత్రం ఇక్కడ దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తమ్మీద మిగిలినవే సుమారు నూటయాభై, వాటిలోనూ ఎక్కువ రాజస్థాన్‌లోనే.

కడప వైపు కథ ఇంకాస్త ఆశ పుట్టిస్తుంది. ముళ్లపొదల మధ్య రాత్రిపూట తిరిగే చిన్న పిట్ట కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల కొండల అంచున స్థానిక వేటగాడి సాయంతో అది మళ్లీ దొరికింది. ఎనభై ఆరేళ్ల తర్వాత! బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ విషయాన్ని లోకానికి చెప్పారు. దానికోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత దాని ఉనికికి ముప్పు వస్తుందని తెలుగుగంగ కాలువ దారినే మళ్లించాల్సి వచ్చింది. ఆపైన ఏళ్ల తరబడి దాని జాడే లేదు. 2025 ఆగస్టులో ఓ రాత్రి పక్షి పరిశీలకులకు కడప సీమలోని పొదల్లో దాని కూత వినిపించింది. అది బతుకుతున్నది దట్టమైన అడవిలో కాదు. గొర్రెలు మేసే, కట్టెలు కొట్టుకునే పల్చటి పొదల నేలలో. మనం ‘బంజరు’ అనే చోట!

అదే కొండల మీది ఎర్రచందనం సంగతీ అంతే. శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండల క్వార్ట్‌జైటు వాలుల్లో సహజంగా పెరిగే ఆ చెట్టు ప్రపంచంలో ఇంకెక్కడా అలా పెరగదు. సారంలేని రాతినేలే దానికి పుట్టిల్లు.

తవ్వితే బువ్వ... తరిగితే?

రాయి తిండి పెడుతోందన్నది కాదనలేని నిజం. నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు వానల్లేని ఏడు కూడా వేల ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. యర్రగుంట్ల, జమ్మలమడుగు, బనగానపల్లె చుట్టూ సిమెంటు కర్మాగారాలు లేచింది ఆ సున్నపురాయిని నమ్ముకునే. రైల్వేకోడూరు దగ్గరి మంగంపేటలో ఏడు కోట్ల టన్నులకు పైబడిన ముగ్గురాయి నిక్షేపం ఉంది. ఒకేచోట ఇంత ముగ్గురాయి ప్రపంచంలో మరెక్కడా లేదంటారు. మామూలు రాయి కంటే ఎంతో బరువైన ఈ ఖనిజాన్ని చమురు బావులు తవ్వేటప్పుడు వాడతారు. గల్ఫ్ దేశాల చమురు బావుల్లోనూ కడప రాయి పని చేస్తోందన్నమాట. తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తీస్తున్నారు. అక్కడి భూగర్భ జలాలపై పక్క ఊళ్ల రైతులు ఎన్నో ఏళ్లుగా ఆందోళన చెబుతూనే ఉన్నారు.

ఇప్పుడు రాయికి తోడు ఎండకూ గిరాకీ వచ్చింది. గడివేముల, ఓర్వకల్లు మండలాల్లోని గని, శకునాల గ్రామాల పరిధిలో సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు 2017లో పూర్తయింది. అప్పటికి ఒకేచోట ఉన్న సౌర పార్కుల్లో ప్రపంచంలోనే పెద్దదిగా పేరొచ్చింది. పొగ లేని కరెంటు దేశానికి అవసరమే. అయితే ఆ పలకల కింద ఉన్నది ఖాళీ నేల కాదు... గొర్రెల కాపరి దారి, జింక మేత, వాన ఇంకే చోటు. పట్టా భూమి పోయిన రైతుకు పరిహారం వస్తుంది. పోరంబోకులో గొర్రెలు మేపుకొనేవాడికి కాగితం లేదు కాబట్టి నష్టమూ లేనట్టే లెక్క!

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఊరి ఉమ్మడి భూములను కాపాడాలని, ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్‌సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. నల్లమల చెంచులకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం అండగా ఉంది. అడవికి చట్టముంది, గుడికి చట్టముంది. రాతికి మాత్రం అంతంతమాత్రమే. మంగంపేట ముగ్గురాయి పొరను భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ కట్టడంగా గుర్తించింది. అటువంటి చోట్లను కాపాడేందుకు కేంద్రం 2022లో ఓ ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. 2025లో తిరుమల కొండలు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. ఆ కొండలున్నది కూడా ఈ కడప బేసిన్ అంచునే. మరి జ్వాలాపురం బూడిదకూ, బిల్లసర్గానికీ, వేంపల్లె వలయాలకూ ఆ భాగ్యం ఎప్పుడు?

పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. గని లీజు ఇచ్చేముందు ఆ గుట్టలో గుహ ఉందా, శాసనముందా, బొమ్మలున్నాయా అని ఓసారి చూసి రాసుకోవడం... గ్రామ లెక్కల్లో ‘పోరంబోకు’ పక్కన అక్కడేముందో మరో గడి చేర్చడం... బడి పిల్లలను ఏడాదికోసారి పక్క గుట్ట ఎక్కించి, అది ఒకప్పటి సముద్రమని చెప్పడం... అంతే. అడవి నరికితే మళ్లీ నాటొచ్చు. చెరువు ఎండితే మళ్లీ నింపొచ్చు. 190 కోట్ల ఏళ్లు పట్టిన రాయిని మాత్రం ఏ పథకంతోనూ మళ్లీ పుట్టించలేం.

చూసి రావాలంటే...

బెలుం గుహలు: నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలం. తాడిపత్రి నుంచి సుమారు 30 కిలోమీటర్లు. లోపల ఉక్కపోత ఎక్కువ, మంచినీళ్లు వెంట ఉండాలి.

గండికోట: కడప జిల్లా జమ్మలమడుగు నుంచి సుమారు 15 కిలోమీటర్లు. లోయ అంచున కంచె లేదు, పిల్లలు జాగ్రత్త.

యాగంటి: బనగానపల్లెకు దగ్గర్లో. గుడి, కోనేరు, సహజ గుహలు మూడూ ఒకేచోట.

ఎర్రగుడి అశోక శాసనాలు: గుత్తి-పత్తికొండ దారిలో. అక్షరాల మీద చేతులు వేయకుండా చూడటమే వాటికి మనం చేసే మేలు.

ఓర్వకల్లు రాతివనం: కర్నూలు-నంద్యాల రహదారి పక్కనే. సాయంత్రం వేళ రాళ్ల రంగులు చూసి తీరాల్సిందే.